సారు పేరుకు ఎన్ని గింజలు

భర్త పోయిన పదహారు రోజుల తర్వాత సుజన టీచరు బడికి వచ్చింది. పిల్లలు ఆయన మాట ఎత్తితే తరగతిలో నిలబడగలనా అని బస్సులో దారిపొడుగునా అదే బెంగ.

ఒకటో తరగతి వాళ్లు అప్పటికే చింతగింజల డబ్బా చుట్టూ కూర్చున్నారు. ఆ డబ్బా, ఆ ఆట ఆమె భర్తవి. ఇద్దరిదీ ఇదే బడి. మాటను నోటితో విడదీసి, వినబడ్డ ఒక్కో ధ్వనికి ఒక్కో గింజను ముందుకు జరపాలి.

"ఆకు," అంది టీచరు.

నాగచైతన్య రెండు గింజలు జరిపాడు. "ఆ. కు."

"ఆ 'కు'ను సాగదియ్యి నాన్నా. చివర ఏం మిగిలింది?"

"కుఉఉ... ఉ! దాంట్ల ఉ దాక్కుంది టీచర్!" మూడో గింజ జరిగింది.

తర్వాత ఇంట్లోవాళ్ల పేర్లు. ఏంజెల్ తన నాయనమ్మ ఇన్నమ్మ పేరు విడదీసి ఏడు గింజలు పేర్చింది. "చూసిన్రా, మా నాయనమ్మకు ఏడు!"

"మీ నాయనమ్మ లావుంటది గద, గందుకే," అన్నాడు నాగచైతన్య.

ఏంజెల్ వాడికి నాలుక చూపించి ఇటు తిరిగింది. "టీచర్, మీ ఇంట్ల సారు పేరేంది?"

"అవ్, సారు పేరు!" అన్నారు అందరూ. ఆ బడిలో అందరికీ ఆయన ఉత్త సారే.

ఇంట్లోనూ అంతే. భర్త పేరు పలకకూడదని చిన్నప్పుడు అమ్మ నేర్పింది. చదువుకున్నా ఆ అలవాటు పోలేదు. ఇరవై రెండేళ్లు "సారు" అనే పిలిచింది. ఆయన నవ్వేవాడు. మొన్న మరణ ధ్రువపత్రం కోసం మీసేవకు వెళ్లినప్పుడు కూడా పేరడిగితే చీటీ మీద రాసి ఇచ్చింది.

ఇప్పుడూ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాసింది.

పిల్లలు బోర్డు వంక చూశారు, ఆమె వంక చూశారు.

"మాకు సదవరాదు గద టీచర్," అంది ఏంజెల్ జాలిగా. "నోటితోని చెప్పు."

టీచరు వచ్చి వాళ్ల మధ్య నేల మీద కూర్చుంది. డబ్బాలోంచి ఒక గింజ తీసింది. ఒక్క ధ్వని పేరు కాదు కదా.

"గ్."

ఇంకో గింజ. "ఓ."

పిల్లల పెదవులు ఆమెతోపాటు కదులుతున్నాయి.

"ప్." ఆమె వేళ్లు కొంచెం ఆగాయి. "ఆ." తర్వాతి గింజ చాలాసేపు చేతిలోనే ఉంది. "ల్."

"జల్దీ టీచర్!"

"ఉ."

ఏంజెల్ ఒక్కో గింజనూ వేలితో తాకుతూ గొణుక్కుంది. "గో... పా... గోపాలు! గోపాలు సారు!"

"గోపాలు సారు! గోపాలు సారు!" గది దద్దరిల్లింది. టీచరు తలవంచుకుని వింది. వాళ్ల ఇంటి గోడలు ఆమె నోట ఎన్నడూ వినని పేరు.

"ఆరే," అన్నాడు నాగచైతన్య లెక్కపెట్టి. "ఇన్నమ్మ కన్నా ఒకటి తక్కువ."

"మల్లొకసారి టీచర్," అంది ఏంజెల్.

సుజన ముఖం తుడుచుకుంది. ఆరు గింజలనూ వెనక్కి లాగి వరుసగా పెట్టింది.

"వినండి," అంది. "గ్."