కొమురెల్లికి జోడీ

పెద్దపల్లిలో మొండయ్య వస్తాదు కుస్తీ నేర్పే తాలీముకు పేరు తెచ్చినవాడు కొమురెల్లి. మనిషి నిలబడితే దర్వాజా నిండేది. రజాకార్ల గొడవ సద్దుమణిగి తాలీములు మళ్ళీ తెరుచుకున్నాక అతని వీపుకు మన్ను అంటించినవాడు లేడు. అలాంటివాణ్ణి దసరా కుస్తీల్లో కిన్వట్ విఠోబా అందరి ముందూ వెల్లకిలా పడేశాడు. ఇంకోసారి ఓడితే లంగోటి కట్టనని, బొగ్గుబాయి పనికి పోతానని కొమురెల్లి తల్లి పోశవ్వతో అన్నాడు. ఆ మాట వస్తాదు చెవిన పడింది. కొమురెల్లి పోతే తాలీములో మిగిలేది మన్నూ, నూనె సీసాలే.

ఇక మొండయ్యకు ఒకటే పని, ఉగాది కుస్తీలకు కొమురెల్లితో తలపడే జోడీని వెతకడం. పిల్లకు సంబంధం చూసే తండ్రిలా ఊరూరా తిరిగాడు. ఒకడు మరీ బక్కవాడు, గెలిచినా జనం నవ్వుతారు. ఇంకొకడు మరీ దిట్టం, ఆ పేరెత్తితేనే వస్తాదుకు చెమట పట్టింది. చివరికి జైనూర్ గంగయ్య కుదిరాడు. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా అంతా మోగిన పేరు. ఇప్పుడు యాభై దాటాయి, మోకాలు మాట వినదు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు, గెలుపూ దక్కుతుంది, పేరూ దక్కుతుంది. వస్తాదు మీసం దువ్వుకున్నాడు. తెలివంటే తనదే అనుకున్నాడు పాపం.

ఉగాది నాడు గోదా చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. దసరా విజేతగా విఠోబా కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గంగయ్య మోకాలికి గుడ్డ చుట్టుకుని, కుంటుతూనే దర్జాగా గోదాలోకి దిగాడు. కొమురెల్లి ఎదురెళ్ళి గుప్పెడు మన్ను తీశాడు. ఆ మన్ను ఎదుటివాడి భుజాలకు పూస్తే కుస్తీ మొదలైనట్టు. కొమురెల్లి భుజాలకు పూయలేదు. వంగి, ఆ మన్ను గంగయ్య పాదాల మీద పెట్టి మొక్కాడు.

డప్పులు ఆగిపోయాయి. గోదాలో కాళ్ళు మొక్కితే ఎదుటివాడు గురువైనట్టే, గురువుతో కుస్తీ లేదు. పైగా ఆ రోజుకు జోడీ చెప్పే హక్కు కూడా ఆ గురువుదే. మొండయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోదాలోకి దూకబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు.

"గీ పెద్దమనిషిని పడగొట్టి గెలిచిననంటే మా అవ్వకు మొఖం ఎట్ల సూపెట్టాలె?" అన్నాడు కొమురెల్లి. "ఓడితే బొగ్గుబాయికి పోత. గిట్ల మాత్రం గెలువ."

తనను ఎందుకు పిలిచారో గంగయ్యకు ముందే తెలుసు. అయినా గోదా మీద ఆశ చావక వచ్చాడు. ఆయన కొమురెల్లిని లేవదీసి భుజం తట్టాడు.

"జోడీ నేను చెప్పాలె గద. నీకెవలు గావాలె?"

కొమురెల్లి నేరుగా విఠోబా వైపు చెయ్యి చాపాడు. విఠోబా నవ్వి, అంగీ విప్పాడు.

మొండయ్య కళ్ళు మూసుకున్నాడు. కుస్తీ ఎంతసేపు సాగిందో ఆయనకు తెలియదు. ఉన్నట్టుండి డప్పులు మోగాయి. ఎవరి వీపు నేలకు తగిలిందో చూసే ధైర్యం లేకపోయింది. గంగయ్యే వచ్చి ఆయన మొహం గోదా వైపు తిప్పాడు. విఠోబా వెల్లకిలా ఉన్నాడు. కొమురెల్లి నిలబడి రొప్పుతున్నాడు.

కాసేపటికి కొమురెల్లి వచ్చి వస్తాదు కాళ్ళకు మొక్కాడు. మొండయ్య కళ్ళు నిండాయి. సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ కలిగింది.

"జోడీ కోసం ఊరూరా అందర్నీ అడిగిన బిడ్డా," అన్నాడు. "నిన్ను అడుగలే."