సంజీవరావు గారి చొక్కా జేబు

ఇస్త్రీ చేసేవాడికి ముందు రావాల్సింది ఇస్త్రీ కాదు, జేబులు తడమడం. బస్సు టికెట్లు, సగం వాడిన మాత్రల అట్టలు, గుళ్లో ఇచ్చిన కుంకుమ పొట్లాలు, భార్యకి తెలియకూడని గుట్కా ప్యాకెట్లు, ఏవైనా ఉంటాయి. దొరికింది దొరికినట్టు మడత మీద పెట్టి ఇచ్చెయ్యాలి. మా నాన్న నాకు మొట్టమొదట నేర్పింది అదే. ముప్పై ఏళ్లుగా గుంటూరు బ్రాడీపేటలో ఒక కంటి డాక్టరు క్లినిక్ గోడ పక్కన బండి పెట్టుకుని ఉన్నాను. కోటేష్ చేతివాటం చూపించాడని ఇంతవరకూ ఒక్కడు అనలేదు. అంటే ఊరుకుంటానా, ఆ చొక్కా వాడి మొహానే కొడతాను.

సంజీవరావు గారు మా వెనక లైన్లో మేడ మీద అద్దెకుంటారు. నీటిపారుదల ఆఫీసులో పని. మాటని బంగారంలా పొదుపు చేసే మనిషి. వారానికి అయిదు చొక్కాలు, ఆదివారం చర్చికి ఒక తెల్ల చొక్కా. బట్టలు ఇచ్చేటప్పుడు "ఆరు" అంటారు, తీసుకునేటప్పుడు "సరే" అంటారు, అంతే. రెండేళ్ల కిందట ఒకరోజు ఆయన నీలం చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. ఆఫీసు కాగితమేమో, ముఖ్యమైందేమోనని విప్పి చూశాను. పదో తరగతి తప్పినవాణ్ణే అయినా తెలుగు చదవడం నాకు బాగానే వచ్చు.

*మిర్చి టిక్కీల లారీ దాటింది.*
*వీధి వీధంతా తుమ్మింది.*
*ఒక్క ముసలమ్మే*
*అందరికీ కలిపి చిరంజీవ అంది.*

అమ్మ బాబోయ్! నిన్న మధ్యాహ్నం జరిగిన సంగతే అది. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ తుమ్మాను. ఆ ముసలమ్మ కంటి డాక్టరు దగ్గరికొచ్చి మెట్ల మీద కూర్చున్న మనిషి. ముప్పై ఏళ్లుగా సీజన్లో మిరపకాయల బస్తాలతో రోజుకు పది లారీలు దాటుతుంటాయి, మేం పది సార్లు తుమ్ముతుంటాం, ఒక్కరోజైనా నాకు ఇది తోచిందా? కాగితం నలిగిపోయి ఉంది. చొక్కా అయ్యాక దాన్ని కూడా బండి మీద పరిచి, పైన తడిగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టె మెల్లగా ఒకసారి తిప్పి, జేబులో పెట్టి ఇచ్చాను.

మర్నాడు ఆయన ఆ కాగితం పట్టుకుని వచ్చారు. "కాగితం కూడా ఇస్త్రీ చేశావా?" అన్నారు. "నలిగిపోతే బాగోదు కదండీ, అంత మంచి మాట," అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లబోతూ ఆగి, "ఎవరికీ చూపించకు. నువ్వొక్కడివీ చదువుకుంటే చాలు," అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన రాసినవి చదివిన మొదటి మనిషిని నేనేనని. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడ సుబ్బరావమ్మతో చెబితే, "నీకా! ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా ఆయనకి?" అంది. దాని నోటికి నేను అలవాటు పడిపోయాను.

అప్పట్నుంచి వారానికొక కాగితం వచ్చేది. నరసరావుపేట నుంచి వచ్చి ఎక్స్‌రే కవరు గొడుగులా నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటే రైతు. చెరుకురసం మిషను గజ్జెల చప్పుడు విని క్లాసులో కూర్చునే దాహం వేసే కుర్రాళ్లు. ఒకసారి నా మీదే రాశారు. 'డాక్టరు చొక్కాకైనా, డాక్టరు డ్రైవరు చొక్కాకైనా ఒకటే వేడి పెడతాడు' అని. నా జన్మకి నన్ను అంత గౌరవంగా చూసినవాళ్లు లేరు. కళ్లు తుడుచుకుంటూ ఉంటే బొగ్గుల పొగ అని అబద్ధమాడాను. అవే గోడలు, అవే ఆటోలు, అదే మురిక్కాలవ. ఆయన చూస్తే వేరే. పెద్ద పెద్ద సభల్లో శాలువాలు కప్పించుకునేవాళ్లని టీవీలో చూశాను. వాళ్లలో ఎవరికీ ఈ కన్ను ఉందనుకోను. ఎవరైనా కాదంటే నాతో పోట్లాటకు రమ్మనండి.

కానీ మంచిది దొరికితే ఒక్కడే దాచుకుని తినడం నాకు చేతకాదు. అదీ నా జబ్బు. 

మొన్నామధ్య ఒకరోజు పొద్దున దొరికిన కవిత ఎంత బాగుందంటే, బట్టల మూటలతో వచ్చిన ఆరేడుగురు నిలబడి ఉంటే నోరు ఆగలేదు. "ఆగండాగండి, ఒకటి వినిపిస్తా, మా సారు రాసింది" అని పేరు చెప్పకుండా గట్టిగా చదివాను.

*పొద్దున్న ఏడింటికి హాస్టల్ గేటు పక్కన*
*ఒక పిల్ల ఫోన్లో నవ్వుతుంది.*
*తిన్నానమ్మా అంటుంది.*
*బాగున్నానమ్మా అంటుంది.*
*మార్కులు బాగానే వచ్చాయంటుంది.*
*ఫోను పెట్టేశాక*
*నవ్విన మొహాన్నే చున్నీతో తుడుచుకుంటుంది.*
*అవతల ఊళ్లో ఆ నవ్వు విని*
*ఒకమ్మ నిశ్చింతగా మిరపచేలోకి వెళ్లిపోతుంది.*

చదివి తలెత్తేసరికి అందరూ ఒకవైపే చూస్తున్నారు. ఎదురు హాస్టల్లో ఉండి డాక్టరు సీటు కోసం రెండో ఏడు కోచింగ్ తీసుకుంటున్న భవ్య, అద్దంకి దగ్గర పల్లెటూరి పిల్ల, మూటతో అక్కడే నిలబడి ఉంది. రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఫోన్ చేసేది ఆ పిల్లే. వీధి అంతటికీ తెలుసు. నాకూ తెలుసు. చదివేటప్పుడు మాత్రం నా బుద్ధి గడ్డి తినడానికి వెళ్లింది. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయింది. మూట బండి మీద పడేసి హాస్టల్లోకి పరిగెత్తింది. 

సాయంత్రం సంజీవరావు గారు వస్తే దాచకుండా చెప్పేశాను. దాచడం కూడా నాకు రాదు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ పిల్ల అక్కడే ఉందా?"

"ఉందండి. తప్పయిపోయిందండి."

"తల్లికి కూడా తెలియనివ్వని సంగతి కోటేష్ అది. నేను చూశాను, సరే. చూసి ఊరుకోవాల్సింది. రాశాను. రాసి నీకిచ్చాను." గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. "ఆ కాగితం చించెయ్. ఇంక రాయను."

ఆ తర్వాత మూడు వారాలు ఆయన నా ఎదురుగానే నిలబడి, ఒక్కో చొక్కా జేబూ తనే తడిమి చూసి, ఖాళీ అని తెలిశాక నా చేతికిచ్చేవారు. ముప్పై ఏళ్లలో నాకు అంతకన్నా అవమానం జరగలేదు. అవమానం సంగతి పోనీయండి. నా వల్ల ఒక మనిషి రాయడం మానేశాడు. పొద్దున్నే బొగ్గులు రాజేస్తూ వీధి వైపు చూస్తే, ఎవరూ రాయని వీధి, వట్టి వీధి. సుబ్బరావమ్మ ఊరుకుంటుందా? "ఆయన నమ్మి నీ చేతిలో పెడితే నువ్వు మైకు పెట్టి ఊరంతా చాటావు. సిగ్గుండాలి మనిషికి," అని రోజూ అన్నంతో పాటు అదీ వడ్డించేది.

చించెయ్యమన్న కాగితం మాత్రం చించలేకపోయాను. బండి మీద పరిచే దుప్పటి కింద పెట్టుకున్నాను. భవ్య బట్టలు అలాగే ఉన్నాయి. తను రాలేదు. గేటు దగ్గర ఫోన్ చేయడం కూడా మానేసింది.

నాలుగో వారం సోమవారం పొద్దున, బండి చుట్టూ మూటలతో నలుగురైదుగురు నిలబడి, సంజీవరావు గారు జేబులు తడుముతూ ఉండగా ఆ పిల్ల వచ్చింది. చిక్కిపోయింది. నా చేతిలో పెట్టె చల్లారిపోయినట్టనిపించింది.

"బాబాయ్, ఆ కాగితం ఉందా?"

"క్షమించమ్మా, బుద్ధి లేక చదివాను. నీ బట్టలు ఎప్పుడో అయిపోయాయి, తీసుకుపో తల్లీ."

"బట్టలు కాదు. కాగితం." తల దించుకునే మాట్లాడుతోంది. "నాకీ చదువు ఎక్కట్లేదు బాబాయ్. నిద్ర పట్టట్లేదు, అన్నం పోవట్లేదు. అమ్మకి చెబుదామని నాలుగు రోజుల నుంచి ఫోన్ చేస్తున్నా. అమ్మ గొంతు వినగానే మళ్లీ బాగున్నాననే అంటున్నా. నాకు మాటలు రావట్లేదు. అందులో ఉన్నాయి కదా, అవి చదివేస్తా."

నేను సంజీవరావు గారి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. ఈయనేనమ్మా రాసింది అని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. ఇస్తే ఆయన మాట మళ్లీ దాటినట్టు, ఇవ్వకపోతే ఈ పిల్ల ఏమైపోతుందో. దుప్పటి ఎత్తి కాగితం తీశాను. ఆయనా చూశారు. వద్దనలేదు.

భవ్య అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అవతల అమ్మది పల్లెటూరి గొంతు, చెవికి ఆనించుకున్నా మాకందరికీ వినపడుతోంది. "ఏమే బుజ్జీ, తిన్నావా? ఆటో వచ్చేసిందే, కూలోళ్లంతా ఎక్కారు, తొందరగా చెప్పు!" 

"అమ్మా, ఒకటి చదువుతా. మధ్యలో మాట్లాడకు."

చదివింది. 'మార్కులు బాగానే వచ్చాయంటుంది' దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టి, 'చున్నీతో తుడుచుకుంటుంది' దాకా వచ్చి ఇంక చదవలేకపోయింది. చివరి రెండు వాక్యాలు మిగిలిపోయాయి. 

అవతల ఆటో హారను రెండుసార్లు మోగింది. 

"అది నువ్వేనా బుజ్జీ?" అంది తల్లి. ఇప్పుడు గొంతు చిన్నదైపోయింది. 

"నేనేనమ్మా."

"ఎవరు రాశారే? కన్నదాన్ని నేను, నాకు కనపడంది ఎవరికి కనపడిందే?"

భవ్య నా వైపు చూసింది. నేను నోరు తెరవలేదు. ఒట్టు, ఆ క్షణంలో నా నోటికి తాళం వేసుకోవడం నా జీవితంలో చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. సంజీవరావు గారు చేతిలోని చొక్కా బండి మీద పెట్టి, భవ్య చేతి నుంచి ఫోన్ మెల్లగా తీసుకున్నారు.

"అమ్మా, నా పేరు సంజీవరావండి. ఈ వీధి వెనకే ఉంటాను. రాసింది నేనే. మీ అమ్మాయిని అడక్కుండా రాశాను, తప్పుగా అనుకోకండి."

"తప్పేంటి బాబూ," అంది ఆవిడ. ఏడుస్తోందని తెలుస్తోంది. "పిల్ల చదవలేకపోతోంది. ఇంకా ఉందా? ఉంటే మిగతాది మీరు చదవండి."

రాసింది ఎవరికీ చూపించని మనిషి, ఆరు అనీ సరే అనీ తప్ప మాట్లాడని మనిషి, అంతమంది ముందు కాగితం పట్టుకుని నిలబడ్డారు. 

"అవతల ఊళ్లో ఆ నవ్వు విని," అని చదివారు. "ఒకమ్మ నిశ్చింతగా మిరపచేలోకి..."

అక్కడ ఆగిపోయారు. ఆ తల్లికే ఆ మాట ఎలా చదివి వినిపించడం? కాగితం మీద ఉన్న ఆ చివరి మాట ఆయన నోట్లోంచి రావట్లేదు. 

"వెళ్లట్లేదు బాబూ," అంది ఆవిడ. "ఆటో పంపించేశా. గుంటూరు బస్సెక్కుతున్నా. నేనొచ్చేదాకా దాన్ని కాస్త చూస్తూ ఉండండి."