పదకొండు పగుళ్లు

మెర్సీ తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు బడి గోడలకు కాగితాలు అంటించే పని పెట్టుకుంది. అది తాత నేర్పిన విద్య.

తాత ఎజ్రా సున్నం మేస్త్రి. బొబ్బిలి అవతల వాళ్ల ఊళ్లో మిషను బడి కట్టి వందేళ్లు దాటింది. అప్పట్లో సున్నం రుబ్బే గానుగ తోలింది ఎజ్రాకి తాత అయినాయనే. క్రైస్తవుల ఇళ్లవాళ్లు ఇంటికో బండి సున్నపురాయి తెచ్చి వేశారు. బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి రుబ్బిన సున్నంతో రెండడుగుల మందాన గోడలు లేపారు, కిటికీలకు కమానులు తిప్పారు. నడి వేసవిలో కూడా లోపల కొత్త కుండ దగ్గర కూర్చున్నట్టు ఉండేది.

"గోడ పగిలితే బయిపడిపోకూడదే. ముసిలోడికి ముడతలుండవేటి? పగులు మీద కాగితం అంటించి తారీకు ఎయ్యి. అది సిరిగితే గోడ కదుల్తన్నట్టు. సిరక్కపోతే నీకన్నా నాకన్నా గట్టిదే" అన్నాడు తాత.

మెర్సీ మనుషులతో మాట్లాడాలంటే మెడ వంచేసే పిల్ల. గోడలతో ఆ బాధ లేదు. పదకొండు పగుళ్లకూ లోపలివైపు గంజితో కాగితాలు అంటించి, ఒక్కోదాని బొమ్మా నోటుబుక్కులో గీసింది. అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి చర్చి రేకుల్ని చెరకు తోటలో పడేసింది. బడి పెంకులు కూడా కొన్ని లేచిపోయాయి. మర్నాడు వెళ్లి చూస్తే ఒక్క కాగితమూ చిరగలేదు. ఆ మాట ఆఖరి పేజీలో రాసుకుంది.

ఆ పుస్తకం చూపించింది ఒక్క హెడ్మాస్టరు కృపానిధి గారికే. ఆయనా ఆ బడిలోనే అక్షరాలు దిద్దారు. ప్రతి ఆదివారం చర్చిలో తాత పక్కనే కూర్చుంటారు.

"ఇదంతా నువ్వొక్కదానివే సేసావేటమ్మా? నా దగ్గరుంచు. రిపేరుకి పైకి రాస్తాను" అన్నారు.

ఆ మాట విని తాత మూలనున్న తాపీ తీసి, తుప్పు గీకి నూనె రాశాడు.

జూన్‌లో బడి తెరిచేసరికి గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. కూల్చివేత ఆర్డరు నోటీసు బోర్డుకు అంటించారు. దాని వెనకే మెర్సీ బొమ్మల జిరాక్సులు, పదకొండు పగుళ్లూ స్కేలు కొలతలతో సహా. 'విద్యార్థుల పరిశీలన ప్రకారం' అని పైన మాస్టారి చేతిరాత. ఆఖరి పేజీ మాత్రం లేదు.

"ఒలే, బడిని కూల్చీస్తన్నది నీ బొమ్మలేనంట కదే" అని నవ్వింది తన తరగతి పద్మకుమారి.

మెర్సీ ఆఫీసు గది గుమ్మం దాకా వెళ్లింది. "మాస్టారూ, ఆఖరి పేజీ..."

ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. "పాతది బాగుందంటే కొత్తది ఇవ్వరమ్మా. స్లాబు బిల్డింగొస్తాది, ఫేన్లొస్తాయి. వచ్చే ఏడు నేను రిటైరు. శంకుస్థాపన రాయి మీద నా పేరు ఒక్కసారి సూసుకోకూడదేటి?"

తాతకు ఈ సంగతి చెప్పడానికి మెర్సీకి నోరు రాలేదు. గోడలు పుచ్చిపోయాయని మాస్టారే ఆయనకు చెప్పారట. "మా తాత సున్నం సరిగ్గా రుబ్బలేదు కావాల" అని తాత తాపీని మళ్లీ మూలన పడేశాడు.

పొక్లెయిన్ వచ్చింది. ఒక్క రోజులో అయిపోతుందన్న పని నాలుగు రోజులు పట్టింది. "ఇదేటి గోడరా నాయనా, బండి పళ్లూడిపోతన్నాయి" అని డ్రైవరు విసుక్కున్నాడు. నాలుగో రోజు ఉత్తరపు గోడ ముక్కలవకుండా పలకలా వాలింది. పగులుకు అటూ ఇటూ అతుక్కుని, పోయినేటి తారీకుతో కాగితం అలాగే ఉంది. మెర్సీ నీళ్లతో తడిపి, గోరుతో మెల్లగా ఒలిచి తాత చేతిలో పెట్టింది. తీసేసిన పేజీ గురించి అప్పుడు చెప్పింది.

తాత ఆ కాగితాన్ని బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

ఆదివారం ఆయన చర్చికి ముందే వెళ్లి ఆఖరి చాప మీద కూర్చున్నాడు. కృపానిధి మాస్టారు ముందు వరసలో పక్క చోటు తట్టి, వెనక్కి తిరిగి, "ఎజ్రా మావా, ఇలా రా" అని పిలిచారు.

తాత కీర్తనల పుస్తకం తెరిచాడు. కాగితం అందులో ఉంది, మడత పడకుండా.