చుక్క దొరకని ఊరు

మా ఊళ్లో వాళ్లకు సూరత్ గురించి తెలియని సంగతి లేదు. ఎవరూ చూడలేదు, అంతే. సూరత్‌లో చీరలు రోడ్డు మీద కుప్పలు పోసి ఉంటాయట, మగ్గం నడిపేవాళ్లకు ఊరికే ఇస్తారట. వజ్రాలు సానబట్టే చోట ఊడిస్తే చెత్తలో ఒకటో రెండో దొరుకుతాయట. పప్పులో బెల్లం వేస్తారట. ఈ చివరిది మాత్రం నిజం. వీటన్నిటికన్నా గట్టిగా నమ్మేది ఇంకొకటుంది. గుజరాత్‌లో మందు బంద్ కాబట్టి సూరత్‌కు పోయిన మగవాడు తాగుడు మానేస్తాడట.

ఈ నమ్మకాన్ని పెంచి పోషించేదెవరో నాకు బాగా తెలుసు. నా మొగుడే. పేరు లింగమూర్తి, సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాలు నడుపుతాడు. ఏటా బతుకమ్మకు ఊరికి పోతాం. బస్సు దిగీ దిగకముందే ఆయన ముఖం వేలాడేస్తాడు. "ఏడాది సంది నోట్లె చుక్క పడలేదు బావా. మా దిక్కు దొరకదాయె" అంటాడు. అయ్యో పాపం అని ఒకరు కల్లు పోస్తారు, ఇంకొకరు సీసా విప్పుతారు. ఉన్నన్నాళ్లూ జేబులో చెయ్యి పెట్టే పని ఉండదు. ఇక్కడి నుంచి పోయే మగవాళ్లందరిదీ ఇదే పాట. నిజానికి మా గల్లీలోకి పాలవాడి కన్నా ముందు పోట్లీలవాడు వస్తాడు. పోట్లీ అంటే పాలిథిన్ సంచిలో కట్టిన నాటుసారా. ఆ సంగతి చెబితే ఊళ్లో ఎవరూ పోయరు కదా, అందుకే చెప్పరు.

వాళ్లకు ఒకపూట పోయించుకోవడానికి పనికొచ్చిన ఈ అబద్ధాన్ని నా ఆడబిడ్డ సంధ్య మనసులో పెట్టుకుంది. ఆమె మొగుడు పరుశురాం మంచివాడే, పొద్దుగూకే దాకా. సిరిసిల్ల దగ్గరి ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలే, నడిపేవాడు. సంధ్య బీడీలు చుట్టేది. చీకటి పడగానే కొంగు నడుముకు చుట్టుకుని బెల్టు షాపు ముందు నిలబడేది. అమ్మేవాడి తాతముత్తాతల దాకా తిట్టి, మొగుణ్ని రెక్క పట్టి ఇంటికి లాక్కొచ్చేది. ఒకసారి వాడకట్టు ఆడవాళ్లందరినీ వెంటేసుకుని పోయి ఆ షాపు మూయించింది కూడా. సంధ్య వస్తోందంటే తాగేవాళ్లు గ్లాసులు దాచుకునేవాళ్లని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసింది. "వదినా, మేం సూరత్ వస్తున్నం. బీడీల పని ఇడిచిపెట్టిన. ఈయన ఆడికొస్తెనన్న మనిషైతడు."

ఉన్నదున్నట్టు చెప్పాను. "సంధ్యా, గదంత ఉత్తదే. ఈడ ఇంటి కాడికే తెచ్చిస్తరు. మీ అన్న మాటలు నమ్మకు."

సంధ్య సన్నగా అంది. "మేమొస్తే నీకు బరువైతమా వదినా?"

ఆ మాటకు ఎవరైనా ఏం చెప్తారు? రమ్మన్నాను. మా గల్లీలోనే గది చూశాను. పరుశురాం మగ్గాల మీద కుదిరాడు. రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి చీరల మూటలు మా ఇళ్లకు వస్తాయి. వాటికి అద్దాల రాళ్లు అంటించే పనిలో సంధ్య నా పక్కన కూర్చుంది.

అప్పుడు జరిగింది వింత. పరుశురాం తాగలేదు. కొన్నాళ్లు చేతులు వణికాయి, ఆ తర్వాత అదీ తగ్గింది. అన్నం రెండోసారి వడ్డించుకోవడం మొదలుపెట్టాడు. ఇందులో సూరత్ గొప్పదనం ఏమీ లేదు. మా గల్లీలో తెలుగిల్లు మాదొక్కటే, అతనికి హిందీ ఒక్క ముక్క రాదు, గుజరాతీ అసలే రాదు, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే సిగ్గు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియదు. ఇక నా మొగుడికి నేను ముందే చెప్పి ఉంచాను. "బావకు ఒక్క పోట్లీ జూపెట్టినవో, నీ తిండి నిద్ర రోడ్డు మీదనే." ఆ భయంతో మా ఆయన భజన మండలిలో చేరినవాడిలా తిరిగాడు.

సంధ్య మాత్రం ఊరికి రోజూ ఫోన్. "ఈడ గాలే వేరు. మీ మొగోళ్లను గూడ తోలుండ్రి" అని గల్లీ ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ చెప్పేది. "నువ్వు కుళ్లుతోనే అట్లన్నవు గద వదినా?" అని నా బుగ్గ గిల్లేది. ముఖం నిండింది, నవ్వు వచ్చింది. ఆ రోజుల్లో ఆమెను చూస్తే, నేను చెప్పిందే అబద్ధమైతే బాగుండునని నాకే అనిపించేది.

తర్వాత పరుశురాంకు హిందీ వచ్చింది.

"మా ఆయన మగ్గాల కాడి భయ్యాలతోని గడగడ మాట్లాడుతుండు" అని సంధ్య మురిసిపోయింది. ఏం మాట్లాడుతున్నాడో ఆమె అడగలేదు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి గడపకు అడ్డంగా పడిపోయాడు. చెప్పు ఒకటే ఉంది. సంధ్య వంగి వాసన చూసింది. ఏడవలేదు. లేచి కొంగు నడుముకు చుట్టుకుంది.

"షాపు ఏడుంది వదినా?"

"షాపు లేదు సంధ్యా."

"మరి ఏడ తెచ్చుకున్నడు?"

"వాళ్లే తెచ్చిస్తరు. ఎవలు తెస్తరో ఎవలకు తెల్వనట్టే ఉంటరు."

ఆమె వినలేదు. వెంట నేను హిందీలో చెబుతుంటే, గల్లీలో పడి ఒక్కొక్కణ్నే నిలదీసింది. పాన్ డబ్బావాడు, కిరాణావాడు, సైకిళ్లు బాగుచేసేవాడు. "గుజరాత్‌లో దారూ ఎక్కడిది బెహన్" అని అందరూ చెంపలేసుకున్నారు. చొక్కా కింద నాలుగు పోట్లీలు ఎత్తుగా కనిపిస్తున్నవాడు కూడా చెంపలేసుకున్నాడు. చివరికి సంధ్య గల్లీ మధ్యలో నిలబడి ఊళ్లో తిట్టినట్టే తిట్టింది. అవి మామూలు తిట్లు కావు, షాపులు మూయించిన తిట్లు. ఇక్కడ ఒక్కరికీ అర్థం కాలేదు. ఆగి ఉన్న ఆటో అతను నా వైపు తిరిగి, "ఈమెకు ఏమన్నా పోయిందా, వెతకాలా?" అని హిందీలో మర్యాదగా అడిగాడు.

"ఎవలిని తిట్టాలె వదినా?" అంది సంధ్య, గొంతు పోయాక. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

ఆ తర్వాత సంగతి చెప్పడానికేముంది. ఊళ్లో అయితే షాపు దాకా నడవాలి, నడిస్తే నలుగురూ చూస్తారు, పెళ్లాం వస్తుంది. ఇక్కడ ఆ బాధేమీ లేదు. పరుశురాం ఊళ్లో కన్నా ఎక్కువ తాగాడు. గదిలోంచి కేకలు, గిన్నెలు పడే చప్పుడు, పొద్దున్నే సంధ్య కళ్ల కింద నలుపు. రాళ్లంటిస్తూనే కునికేది, జిగురు చీర మీద ఒలికేది. నాకు మగాళ్లందరి మీదా ఒళ్లు మండేది. ముఖ్యంగా, అన్నం తిని త్రేన్చి "నేనేం జేసిన?" అనే నా మొగుడి మీద.

మొన్న ఇద్దరం చీరలు ముందేసుకుని కూర్చున్నాం. పక్క గదిలో పరుశురాం పడి ఉన్నాడు, గురక ఇక్కడికి వినిపిస్తోంది. సంధ్య ఫోన్ మోగింది, జిగురు చేతులతోనే స్పీకర్ నొక్కింది. ఊళ్లో వాళ్ల పక్కింటి కొమురవ్వ. ఆమె కొడుకు రాజలింగం తాగొచ్చి తల్లినే కొడతాడు.

"నీ పెనిమిటి మంచిగైండు గదా బిడ్డా" అంది కొమురవ్వ. "మావోణ్ని గూడ తోలుదామనుకుంటున్న. నిజంగనే చుక్క దొరకదా?"

సంధ్య పక్క గది వైపు చూసింది.

"దొరకదు అత్తా. తోలియ్యి" అంది.

నాకు కోపం నెత్తికెక్కింది. ఫోన్ లాక్కున్నాను. "అత్తా, నేను అనురాధను. గదంత అబద్ధం. ఈడ నీళ్లు దొరకని పూట ఉంటది గానీ మందు దొరకని పూట లేదు. నీ కొడుకును తోలకు."

కొమురవ్వ నవ్వింది. "నువ్వు సంధ్యకు గూడ గిట్లనే చెప్పినవట గదా. ఆమె సంసారం బాగుపడ్డంక గూడ నీ నోరు మారలేదు చూడు" అని పెట్టేసింది.

ఫోన్ చీరల మీద పడేసి సంధ్య వైపు తిరిగాను. "నీకేమన్న బుద్ధున్నదా? నీ బతుకు ఆగమైంది చాలదా? ఆ ముసల్దాన్ని గూడ ముంచుతవా?"

సంధ్య తలెత్తలేదు. చీర అంచు వేళ్లతో సరిచేసింది.

"మేమొచ్చిన కొత్తల, ఆయనకు హిందీ రాకముందు, నేను కంటినిండ పండుకున్న వదినా" అంది. "పెండ్లైన కాంచి నిద్రంటే గన్ని దినాలే. ఆమెను గూడ గన్ని దినాలన్న పండుకోనీ."