ముప్పై ఏడో వీడియో

కీహోల్ పద్ధతిలో పిత్తాశయం తీసే ఆపరేషన్లలో ఏది ఎంత కష్టమో కొలిచే పట్టిక ఒకటి జపాన్, కొరియా, తైవాన్ సర్జన్లం కలిసి తయారుచేస్తున్నాం. పేర్లు, తేదీలు, ఆసుపత్రుల గుర్తులు తీసేసిన అరవై వీడియోలు ఒక్కొక్కరికీ పంపారు. వాపు ఎంత ఉంది, పిత్తాశయపు సంచి చుట్టుపక్కల వాటికి ఎంత గట్టిగా అతుక్కుంది అన్నవాటికి మార్కులు వేయాలి. చివర ఒక ప్రశ్న ఉంటుంది. ఇక్కడితో ఆగి దారి మార్చుకోవలసిన క్షణం ఏదైనా ఉందా, ఉంటే ఎన్నో నిమిషంలో అని.

నేను తైవాన్‌లోని ఛియాయి అనే ఊళ్లో సర్జన్‌ని. పేరు కో జిరోంగ్. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుని నాలుగైదు చొప్పున చూసేదాన్ని. ముప్పై ఏడోది మొదలైన రెండో నిమిషంలో చేతిలో టీ కప్పు కింద పెట్టేశాను.

కాలేయం అంచున తెల్లటి గాడి ఉంది. అక్కణ్ణుంచి పొట్ట గోడకు ఒక పొర తాడులా సాగి అంటుకుంది. మా నాన్న కో ముషాన్ రైల్వే వర్క్‌షాపులో బ్రేకులు తనిఖీ చేసేవాడు. ముప్పై రెండేళ్ల వయసులో రెండు రైలు పెట్టెల మధ్య ఇరుక్కుని కాలేయం చీలింది. అది మానిన మచ్చను స్కానుల్లో ఎన్నోసార్లు చూశాను. అయినా ఒకేలాంటి మచ్చలు ఇద్దరికి ఉండవచ్చు కదా అనుకున్నాను. ఈలోగా తెర మీదకు పట్టుకారు వచ్చింది. సంచిని పట్టుకునే ముందు, మూసిన మొనతో రెండుసార్లు మెల్లగా తట్టింది. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆ చేతి పక్కన నాలుగేళ్లు కెమెరా పట్టుకుని నిలబడ్డాను.

జియెన్ బోరుయ్ నాకన్నా మూడేళ్లు సీనియర్. తైనాన్‌లో నా శిక్షణంతా ఆయన దగ్గరే. అందరూ డాక్టర్ జియెన్ అంటే నేను అన్నా అనేదాన్ని. నాకు ఆపరేషన్ చెయ్యడం కన్నా ముందు ఆగడం నేర్పినవాడు ఆయన. సంచిలోకి వెళ్లే గొట్టాలు రెండే రెండు కనబడాలి, వాటి వెనక కాలేయం కనబడాలి, అప్పటిదాకా కత్తెర అడగొద్దు అనేవాడు. ఎంతకీ కనబడకపోతే సంచినే తెరిచి, రాళ్లు ఏరేసి, అడుగుభాగాన్ని ఉన్నచోటే వదిలి కుట్టేసి వచ్చెయ్యమనేవాడు. సగం మిగిలిపోయిందని మనిషికి ఏమీ కాదు, అసలు పిత్తనాళం తెగితే మాత్రం బతికినన్నాళ్లూ బాధే అని ఎన్నిసార్లు చెప్పాడో.

మూడేళ్ల కిందట నాన్నకు పిత్తాశయం చీముపట్టింది. ముందు సూదితో చీము తీయించి, ఆరు వారాలు ఆగాం. సొంత తండ్రి మీద నేను కత్తి పెట్టలేను. ఇంకెవరి చేతిలో పెట్టను? తైనాన్‌లో జియెన్ దగ్గరికే తీసుకెళ్లాను. అది తేలికైన కేసు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు తన బృందం తప్ప చూసేవాళ్లెవరూ ఉండరనీ, కష్టమనిపిస్తే మారుమాట లేకుండా ఆపేస్తాననీ మాట ఇచ్చాడు.

మూడో రోజుకు నాన్న కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట బిగుసుకుంది. అసలు పిత్తనాళం తెగిపోయిందని స్కాన్‌లో తేలింది. తైపే తరలించాం. మూడు నెలలు పక్కటెముకల కింద రెండు గొట్టాలు, కారే పిత్తరసం పట్టే రెండు ప్లాస్టిక్ సంచులు. ఆ తర్వాత పేగును పైకి తెచ్చి కాలేయానికి కలిపి కుట్టారు. ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు వణుకుతో జ్వరం వస్తుంది, ఆసుపత్రిలో చేరాలి. డెబ్బై రెండేళ్ల మనిషి, రోజూ సైకిల్ మీద వెళ్లి టర్కీ కోడి అన్నం తినొచ్చేవాడు. ఇప్పుడు ఆ నూనె వాసనకే పక్క సందులోకి మళ్లుతాడు.

జియెన్ అప్పుడు నా ముందు ఏడ్చాడు. నాళం ఉండకూడని చోట ఉంది, పుట్టుకతోనే అలా వచ్చింది, నాళాలు మెరిసేలా రక్తంలోకి రంగు ఎక్కించి పచ్చ వెలుతురులో వెతికినా కనబడలేదు అన్నాడు. వీడియో చూద్దామంటే ఆ రోజు రికార్డింగ్ మిషన్ పనిచెయ్యలేదన్నాడు. నేను నమ్మాను. ఆయన్ని నేనే ఓదార్చాను. ఆసుపత్రి విచారణ సంఘం కుటుంబం అభిప్రాయం అడిగితే, సర్జన్‌గా కూడా సంతకం పెట్టి ఉత్తరం రాశాను. ఇది ప్రకృతి లోపమనీ, ఎవరి చేతిలోనైనా ఇలాగే జరిగేదనీ. నాన్న మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగాడు, టీవీలో చూస్తూనే కదా చేసేది, అదేదో చూపించమనమని. నీకు అర్థమయ్యేది కాదు నాన్నా, నేను చూసుకుంటానుగా అని ఆ మాట అక్కడితో ఆపేశాను. ఆ ఏటి నుంచీ కొత్త సంవత్సరం సెలవుల్లో జియెన్ గులాబ్ జామకాయల పెట్టెతో మా ఇంటికి వచ్చేవాడు. బాబాయ్ అంటూ నాన్న పక్కనే కూర్చుని భోంచేసేవాడు.

ఇప్పుడు ఆ వీడియో నా ఎదుట నడుస్తోంది. సంచి ముడుచుకుపోయి రాయిలా ఉంది. అయినా ఆయన బాగానే మొదలుపెట్టాడు. పదకొండో నిమిషంలో చెయ్యి ఆగింది. సంచి గోడ మీద చిన్న గాటు పెట్టాడు, తెరవడానికే. అంటే ఆయనకు తెలిసింది. నాకు నేర్పిన దారిలోకి తిరిగాడు. నలభై సెకన్లు పట్టుకారు కదల్లేదు. తర్వాత ఆ గాటును వదిలేసి మళ్లీ కిందికి, ఆ గట్టిపడ్డ కణజాలంలోకి వెళ్లాడు. తెర ఒక్కసారి కూడా పచ్చరంగుకు మారలేదు, అంటే ఆ వెలుతురులో వెతకనేలేదు. పంతొమ్మిదో నిమిషంలో అసలు పిత్తనాళానికి క్లిప్పులు వేసి కత్తిరించాడు. దాంట్లో ఏ వింతా లేదు. ఉండవలసిన చోటే ఉన్న మామూలు నాళం.

మళ్లీ మొదటినుంచి చూశాను. అలా నాలుగుసార్లు.

మర్నాడు సెలవు పెట్టి తైనాన్ వెళ్లాను. ఆయన గదిలో ఇద్దరమే ఉన్నాం. ఫోన్‌లో ఒక్క ఫొటో చూపించాను, నాళం మీద క్లిప్పులు ఉన్నది. ఇదేమిటని ఆయన అడగలేదు.

"ఇది నీకు ఎవరు పంపారు?" అన్నాడు.

ఆ ప్రశ్నతో నాకు కావలసినది తెలిసిపోయింది. వీడియో ఎలా వచ్చిందో ఆయనే ఊహించుకుని చెప్పాడు. ఆ రోజు పక్క హాల్లో, బయటి ఊళ్ల నుంచి నేర్చుకోవడానికి వచ్చిన ఎనిమిది మంది సర్జన్లు కూర్చుని తెర మీద చూస్తున్నారట. తన గదిలోని రికార్డింగ్ తానే తుడిచేశాడు. హాల్లో ఇంకో కాపీ మిగిలిందని తెలియదు. ఆఫీసువాళ్లు అధ్యయనం కోసం అక్కడి ఫైళ్లన్నీ కట్టగట్టి పంపేశారు.

"ఎవరూ ఉండరని నాకు చెప్పావు."

"వాళ్ల ప్రయాణం ముందే ఖాయమైపోయింది జిరోంగ్. వేరే కేసు పెడదామనుకున్నాను. ఆ రోజు ఇంకో కష్టమైన కేసు లేదు."

"పదకొండో నిమిషంలో సంచి తెరవబోయావు."

"గత రెండు వందల కేసుల్లో ఒక్కటీ మధ్యలో వదల్లేదని ఆ ఉదయమే వాళ్లకు చెప్పాను," అన్నాడు. "నాళం తెగడం తప్పే. కావాలని చెయ్యలేదు. నీ చేతిలో ఎప్పుడూ తెగలేదా?"

"తెగింది. తెగిందని రోగి ఇంటివాళ్లకు ఆ సాయంత్రమే చెప్పాను. అలా చెప్పమని నేర్పింది నువ్వే."

నాన్నకు చెప్పొద్దని బతిమాలాడు. పెద్దాయన తనను కొడుకులా చూసుకుంటున్నాడనీ, ఈ వయసులో ఆయన మనసు ఎందుకు కష్టపెట్టడమనీ. అంతవరకు దుఃఖంగానే ఉన్న నాకు ఆ మాటతో ఒళ్లు మండింది. లేచి బయటికి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక గమనించాను, అక్కడున్నంతసేపూ ఒక్కసారి కూడా అన్నా అనలేదు.

అధ్యయనం నడిపేవాళ్లకు ఆ రోగి మా నాన్నేనని తెలియజేసి, నా మార్కులు తీసేయమన్నాను. విచారణ సంఘానికి పాత ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి, జరిగింది వివరించాను. ఇక మిగిలింది నాన్న.

శనివారం పొద్దున్న ఇంటికి వెళ్లి, గంజి తాగుతున్న నాన్న పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అంతా విని, ఆ వీడియో పెట్టమన్నాడు. కళ్లజోడు తెచ్చుకుని తన పొట్ట లోపలిని, ఆ కత్తిరింపు దాకా పంతొమ్మిది నిమిషాలూ కదలకుండా చూశాడు. ఏది ఏమిటో వేలు పెట్టి చూపిస్తే తలూపాడు. నీకు అర్థం కాదని నేను అన్నది ఆయనకు బాగానే అర్థమైంది.

"వాడు నలుగురి ముందూ తక్కువైపోతానని భయపడ్డాడు," అన్నాడు చివరికి. "వర్క్‌షాపులో అలాంటివాళ్లని చూశాను. వాడి సంగతి అలా ఉంచు. ఆ ఉత్తరం రాసినప్పుడు నువ్వు ఏం చూసి రాశావు?"

ఏమీ చూడలేదన్నాను. ఆయన మాట విని రాశానన్నాను.

"నలభై ఏళ్లు బ్రేకులు చూశానమ్మాయ్. కళ్లతో చూడని పెట్టెకి సంతకం పెట్టలేదు. నేను చూపించమని అడిగాను. నువ్వు నోరు మూయించావు. వాడు నా బిడ్డ కాదు గదా, నువ్వు నా కూతురివి."

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఎంతో మామూలుగా అన్నాడు. గిన్నె తీసుకెళ్లి తనే కడుక్కుని, తలుపు దగ్గరికి వేసుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం దాకా హాల్లోనే కూర్చున్నాను. నన్ను ఒకడు మోసం చేశాడన్న బరువుతో వచ్చినదాన్ని, వెళ్లేటప్పుడు నాన్నకు నేను చేసిందేమిటో కూడా మోసుకుని వెళ్లాను.

విచారణ మళ్లీ మొదలుపెట్టారు. రెండు నెలల తర్వాత మా ఇద్దరినీ పిలిచారు. బల్లకు అటువైపు జియెన్ కూర్చున్నాడు, చాలా సన్నబడ్డాడు. బాబాయ్ అంటూ లేవబోతే నాన్న చేత్తో కూర్చోమన్నాడు. అధ్యక్షురాలు ఏమైనా చెబుతారా అని అడిగితే, నాన్న నా పాత ఉత్తరాన్ని నా చేతే పైకి చదివించమన్నాడు. చదివాను. ఎవరి చేతిలోనైనా ఇలాగే జరిగేది అన్న వాక్యం దగ్గర ఆగాను. నీళ్లు తాగి పూర్తిచేశాను. ఆ ఉత్తరం అబద్ధమని మా అమ్మాయికి అప్పుడు తెలియదు, అది కూడా రాసుకోండి అన్నాడు నాన్న. అంతకుమించి ఏమీ కోరలేదు.

రికార్డింగ్ తుడిచేసినందుకు జియెన్‌ను శిక్షణ ఇవ్వడం నుంచి తప్పించారు, రెండేళ్లు ఒంటరిగా ఆపరేషన్లు చెయ్యకూడదన్నారు. ఆయన రాజీనామా ఇచ్చి పింగ్‌తుంగ్ వైపు ఏదో చిన్న క్లినిక్‌లో చేరాడని విన్నాను. ఒక ఉత్తరం రాశాడు. విప్పకుండా నాన్నకు ఇచ్చాను. చదివాడో లేదో నాకు చెప్పలేదు.

మొన్న మళ్లీ జ్వరం వచ్చి తగ్గింది. నాన్న ఇప్పుడు పరీక్షలకు తన చెల్లెలు, మా చిన్నత్తను వెంటబెట్టుకుని వెళ్తున్నాడు. రిపోర్టులు డాక్టర్ చేతే చదివించుకుని, తనే ప్రశ్నలు వేస్తాడట. కారు నడిపేది నేనే. దారిలో వాతావరణం గురించి, పక్కింటివాళ్ల గురించి బాగానే మాట్లాడతాడు. ఆసుపత్రికి చేరాక వాళ్లిద్దరూ లోపలికి వెళ్తారు, నేను వసారాలో కుర్చీలో కూర్చుంటాను. లోపలికి రమ్మని ఇంకా పిలవలేదు.