నా పేరున లింగన్న ఛాతీ

నాడి చూడడానికి అరనిమిషం చాలు కదా, ఈ డాక్టరు పాట మొదట్లో పట్టుకున్న మణికట్టు పాట అయిపోయినా వదలడం లేదు, ఆ పిల్ల కూడా జబ్బుమనిషిలా లేదు, బుగ్గలు నిండుగా ఉన్నాయి, జడలో మల్లెపూలు, ఆస్పత్రి మంచం మీద మల్లెపూలేమిటి, అయినా అస్కర్ లేబర్ క్యాంపులో నలభై మందిమి నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం, శుక్రవారం మధ్యాహ్నం, డ్యూటీ లేదు, మెస్సులో వంటచేసే మంగళూరాయన తెచ్చిన కన్నడ సినిమా క్యాసెట్టు, భాష తెలిసింది ఆయనకీ నాకూ మాత్రమే, గల్ఫు మొహం చూడకముందు నేను బీదరు వైపు మూడేళ్లు రోడ్డు పని చేశాను కాబట్టి, అందుకే నాతో పనిచేసే లింగన్న నా భుజానికి ఆనుకుని కూర్చుని, పోశన్నా, ఏమంటున్నడే, గిప్పుడేమంటున్నడే అని మోచేత్తో పొడుస్తున్నాడు, ఏమంటడురా, నువ్వు లేకుంటే బతక అంటున్నడు, సిన్మాల ఇంకేమంటరు.

ఎల్లుండి ఈపాటికి నేను విమానంలో ఉంటాను, పని తక్కువైందని పంపుతున్నారని వీడికి చెప్పాను, నమ్మాడు, ఏం చెప్పినా నమ్ముతాడు, కువైట్ యుద్ధం అయిన మరుసటేడు వచ్చినవాణ్ణి, నన్నే పంపితే ఇంక ఎవరిని ఉంచుతారో వెళ్లి అడుగుతానని నిన్న చెప్పులేసుకుని బయల్దేరాడు కూడా, నేనే రెక్క పట్టి ఆపాను, ఆఫీసుకు పోతే ఇంకేమైనా ఉందా, అక్కడ రామ్‌ప్రసాద్ ఉన్నాడు, రాజమండ్రి గుమస్తా, నోట్లో మాట దాగదు, మొన్న నన్ను పిలిచి కుర్చీ చూపించాడు, కుర్చీ చూపించినప్పుడే అనుకున్నాను, ఇదిగో పోశన్నా, కంగారు పడకు, నీ ఎడంపక్క ఊపిరితిత్తిలో మచ్చుందంటయ్యా, టీబీయేనంట, ఇప్పుడే మొదలైందంట, ఇంటికెళ్లి నెలల తరబడి మందులు మింగితే పోద్దంట, ఇక్కడ మటుకు ఉండనివ్వరు, ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు, నేను కాగితం మీద నా పేరు చూస్తున్నాను, పేరు నాదే, ఛాతీ నాది కాదు.

మనిషిని మార్చి పంపే ఆ బుద్ధి ఎవరిదని ఇప్పుడు అడిగితే ఏం చెప్పను, రెండేళ్లకోసారి కాగితాలు కొత్తవి కావాలంటే ఎక్స్‌రే తీస్తారు, మచ్చ కనబడిందా ఖలాస్, సామాన్ సర్దుకోవడమే, నాకు పోయిన చలికాలం నుంచి దగ్గు, సిమెంటు దుమ్మని అందరికీ చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను, కానీ మెడికల్ తారీఖు దగ్గరపడేకొద్దీ అన్నం దిగడం మానేసింది, అప్పుడు లింగన్నే, గింతదానికి గిట్లైతవేందే, నాది పోయినేడే అయింది, సాఫ్ అని రాసిచ్చిన్రు, నీ బదులు నేను పోత తియ్యి, కార్డు మీది ఫొటోల అందరం ఒక్కతీరే ఉంటం అన్నాడు, వెళ్లాడు, అంగీ విప్పి నిలబడ్డాడు, సాయంత్రం వచ్చి, నీ పేరు పిలిస్తె నాకు సోయే లేదే, ఎన్కనోడు నూకితె పోయిన అని పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను, పీడ విరగడైందని వాడికి మటన్ వండిపెట్టాను.

తెర మీద పెద్ద డాక్టరు వచ్చాడు, కళ్లజోడు తీశాడు, కళ్లజోడు తీస్తే చావుకబురే, ఆ పిల్లకు నయంకాని జబ్బంట, కుర్రడాక్టరు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు, ఆమెకు చెప్పొద్దండీ, తనకేమీ తెలియదు, నవ్వుతూ తిరుగుతోంది అంటున్నాడు, ఏమంటున్నడే పోశన్నా అన్నాడు లింగన్న, వీడికి అర్థమయ్యే భాషలో ఆ మాట అనాల్సింది నేనే, ఏం లేదురా, పెండ్లి ముచ్చట, మరి గట్లెందుకు ఏడుస్తుండే, సంతోషానికిరా, మంగళూరాయన తుండుగుడ్డతో కళ్లు ఒత్తుకుంటున్నాడు, ఎంత మంచి డాక్టరు అంటున్నాడు, దాచినందుకు మంచివాడట, నేనూ దాచాను, నన్నెవరైనా మంచివాడంటారా, జాలితో దాచానని రెండు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను, ఇంకో రెండేళ్లుంటే ఇంటికి స్లాబు పడుతుందని వీడి ఆశ, చెడగొట్టడమెందుకని, అబద్ధం, నాకు కోపం, నీ మచ్చకు నేను మూట కట్టుకోవాలా అని కోపం, పొద్దున వీడు నాలుగు రొట్టెలు తింటుంటే కడుపు మండింది, అది నా ఛాతీ కాదని రామ్‌ప్రసాద్‌తో అందామనుకున్నాను, అంటే మోసం చేశారని ఇద్దరినీ పట్టుకుంటారు, పైగా నా ఛాతీకి తీస్తారు, అందులో ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, నోరు మూసుకుని సంతకం పెట్టేశాను.

చెప్పేద్దాం, ఇప్పుడే, ఇప్పుడే మొదలైందన్నారు కదా, మందు తింటే బతుకుతాడు, పని పోతే పోతుంది, స్లాబు లేకపోతే పెంకులున్నాయి, అనుకుంటూ వాడి వైపు తిరిగాను, తెర మీద ఆ పిల్ల తల్లి డాక్టరు కాలరు పట్టుకుంది, నిక్షేపంలాంటి నా బిడ్డకు ఎక్కడిదయ్యా ఈ జబ్బు, ఎవరు అంటించారు అని అరుస్తోంది, ఏమంటుందే ఆ అవ్వ, ఈసారి అబద్ధం తోచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను, మంచిగున్న బిడ్డకు ఎవడంటించిండు అంటుందిరా, పాపం, ఎవడంటించిండో అని లింగన్న నిట్టూర్చాడు, వాడి నిట్టూర్పు నా చెంపకు తగిలింది.

పోయినేడు వాడికి సాఫ్ అన్నారు, మచ్చ లేదు, ఆ మెడికల్ అయిన వారానికే వాణ్ణి మా గదిలో వేశారు, ఏసీ గది, కిటికీలకు మేకులు కొట్టేశారు, కింది మంచం నాది, పైమంచం వాడిది, చలికాలం నుంచి నేను దగ్గుతూనే ఉన్నాను, దగ్గినప్పుడల్లా వాడు దిగివచ్చి వీపు నిమిరేవాడు, ఇంకెవరూ దగ్గరికి రాలేదు, వాడొక్కడే వచ్చాడు, కోపమంతా ఎటుపోయిందో తెలియదు, రామ్‌ప్రసాద్ కాగితంలో తప్పేమీ లేదు, నా పేరే ఉండాలి దాని మీద, వాడి ఛాతీలో ఉన్నది నా జబ్బు, నేనిచ్చింది, నీకు జబ్బుందిరా అని ఎలాగోలా చెప్పగలనేమో గాని నేనే అంటించానని చెప్పే ధైర్యం నాకు లేదు, ఎల్లుండికీ రాదు, లింగన్నకు ఏమీ చెప్పకుండానే నేను విమానం ఎక్కుతాను.