చావు రాగంలో ఏడు పేర్లు

మా అమ్మ కాసినెమ్‌కి ఎనభై ఏళ్ళు. ఊపిరితిత్తుల్లో ఇంకేమీ మిగల్లేదని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. అప్పటినుంచీ నాకు ఒకటే బెంగ, అమ్మ పోయిన రోజున వీధి వస్తుందా రాదా అని.

మా జావాలో చావుకి పిలుపులుండవు. కబురు వింటే చాలు, మగవాళ్ళు పాడె సంగతి చూస్తారు, ఆడవాళ్ళు పూలు గుచ్చి బియ్యం కడుగుతారు. రాలేదంటే మాత్రం బతికుండగా మనల్ని మనుషుల్లో లెక్కెయ్యలేదని అర్థం. నా చిన్నప్పుడు పక్క వీధిలో ఒకాయన పోతే, ఆయన ‘అరవై ఐదు నాటివాడు’, ఆ ఏడు కమ్యూనిస్టులని సైన్యం ఎత్తుకుపోయినవాళ్ళలో బతికొచ్చినవాడు అని గడప తొక్కినవాడు లేడు. సంతలో మూటలు మోసే నలుగురు వచ్చి మోసుకెళ్ళారు. తలుపు సందులోంచి చూసిన ఆ పాడె నాకింకా కళ్ళలో ఉంది.

మేము ఈ వీధికి పుట్టినవాళ్ళం కాదు. ఏటి అవతలి ఊరినుంచి అమ్మ నన్ను చంకనేసుకుని వచ్చింది. నాన్న సుమత్రా తోటల్లో పనికి వెళ్తూ పడవ మునిగి పోయాడని చెప్పింది. నేను నమ్మాను, వీధీ నమ్మింది. అమ్మకి గొంతుంది కాబట్టి వీధి మమ్మల్ని కలుపుకుంది. పాత పద్యాలు పాడే మాచపాట్ కూటమికి నలభై ఏళ్ళుగా అమ్మే పెద్ద. ఒక్క వింత మాత్రం ఉండేది. అమ్మ దీపం ముట్టుకోదు. కరెంటు పోతే చీకట్లోనే కూర్చుంటుంది. ముసలితనం చాదస్తం అనుకునేదాన్ని.

నవంబరులో, అరవై ఐదులో ఆ సైన్యాన్ని నడిపి, ఆపైన ముప్పై ఏళ్ళు దేశాన్ని ఏలి జనం తరిమితే దిగిపోయి చచ్చిన ఆ జనరల్‌కి జాతీయ వీరుడని బిరుదిచ్చారు. మర్నాడే మా వీధి పెద్ద తర్ముజి మా వరండాలో వాలిపోయాడు. నా ఈడువాడే, పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. పైవాళ్ళు తుమ్మితే ఈయనకి జలుబు చేస్తుంది.

“అవ్వా, ఆదివారం మన వీధి తరఫున పండగ. పసుపన్నం గోపురం పెడదాం. నువ్వు ఆయన మీద ఓ పద్యం కట్టాలి. ఫోన్‌లో తీసి పై ఆఫీసుకి పంపిస్తా. నువ్వు నడవలేవుగా, ఇక్కడే పెట్టేద్దాం.”

“ఏ రాగంలో కట్టమంటావు?” అంది అమ్మ.

“రాగాలు మాకేం తెలుసవ్వా! పాతగా వినిపిస్తే చాలు. ఆ భాష ఎవడికి అర్థమై చచ్చింది కనక. నీ ఇష్టం, ఏదైనా రాసుకో.”

“ఏదైనానా?”

“ఏదైనా!”

అమ్మ నవ్వి దగ్గింది. పొగడ్తలకి దండంగులా అని తియ్యటి రాగం ఉంది. అందులోనే కడుతుందనుకున్నాను. అయినా మనసు ఆగక ఆ సాయంత్రం కాళ్ళు పడుతూ బతిమాలాను. “అమ్మా, నీకా మనిషంటే గిట్టదని నాకు తెలుసు. రెండు మంచి ముక్కలు పాడెయ్. రేపు నిన్ను మోసేది ఈ వీధివాళ్ళే.”

“నా పీనుగ మీద నాకు లేని బెంగ నీకెందుకే?” అంది.

ఆదివారం మధ్యాహ్నం వాన వెలిశాక అందరూ వచ్చారు. చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. పాడేవాళ్ళు ఏడుగురు. అమ్మ నన్ను తన ఎడమ పక్కన కూర్చోబెట్టుకుంది. తర్ముజి జనరల్ ఫోటో తెచ్చి మా మంచి కుర్చీలో నిలబెట్టాడు. మా ఇంట్లో ఆ కుర్చీ అల్లుడికి తప్ప ఎవరికీ వెయ్యం. మల్లెపూల టీ తిరిగింది. పక్కింటి పార్సిహ్, వంట చేస్తే వీధంతా తుమ్మాల్సిందే, మూలన వెదురుబుట్టల్లో అన్నం, కోడికూర సర్దుతోంది. ఎవరి బుట్ట వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళాలి, అదే ప్రసాదం.

మా కూటమికి ఒక పద్ధతి ఉంది. కాగితం కుడిచేతి వైపు తిరుగుతుంది. తలా ఒక పద్యం. చేతికొచ్చాక పాడాల్సిందే, పక్కకి నెట్టకూడదు. పాడుతుంటే ఎవరూ అడ్డురాకూడదు.

తర్ముజి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. అమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

అది తియ్యటి రాగం కాదు. మెగత్రుహ్. ప్రాణం ఒంట్లోంచి విడిపోయేటప్పటి రాగం. చాపల మీది ముసలివాళ్ళందరూ ఒక్కసారి తలెత్తారు. తర్ముజి మాత్రం తల ఊపుతూ తీస్తూనే ఉన్నాడు.

“వడ్రంగి సాస్త్రో అన్నంలోంచి లేచి వెళ్ళాడు,
చెయ్యి కడుక్కోనివ్వలేదు.
పెళ్ళాం ఆ పళ్ళెం కడగలేదు,
ఏటి వంపు దగ్గర నీళ్ళే అతని చెయ్యి కడిగాయి.”

కాగితం కదిలింది. రెండో ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు. పద్ధతి పద్ధతే. కాగితంలో ఉన్న బడిపంతులు వగిమిన్ పేరు పాడాడు. మూడోది డోలు వాయించే కర్సో. నాలుగు, ఐదు, ఆరు. సైనికులు లారీ ఎక్కించి తీసుకుపోయినవాళ్ళు, వరుసగా. ఒక్కో గొంతూ ముందు గొంతుకన్నా సన్నబడింది. అప్పటికి తర్ముజికి కూడా అర్థమై ఫోన్ కిందికి దిగింది. పాడుతుంటే ఆపడానికి మాత్రం పద్ధతి ఒప్పదు.

కాగితం నా చేతికొచ్చింది. అమ్మ గుండ్రటి అక్షరాలు. నేను పాడాను, పాడుతున్నది ఏమిటో తెలిసేలోపలే.

“పేర్లు చదవడానికి వాళ్ళకి వెలుతురు కావాలి.
దీపం పట్టింది ఎవరు? నేనే.
చంకలో పదకొండు నెలల పిల్ల.
ఏడో పేరు నా మొగుడు దర్సోనోది,
మొహం కనబడాలి, పైకెత్తు అన్నారు, ఎత్తాను.”

దర్సోనో మా నాన్న. ఆ పిల్ల నేనే.

ఇంకొక్క పాదం ఉంది. కాగితం ఒళ్ళో పెట్టేశాను. అరవై ఏళ్ళు నేను పడవ కోసం ఏడ్చాను! లేని పడవ కోసం! ఆఖరి పాదం అమ్మే పాడింది, ఫోటో వంక చూస్తూ.

“ఎత్తించినవాడు వీరుడట. ఎత్తిన నేను ఇంకా చీకట్లోనే ఉన్నాను.”

ఆఖరి పాదాన్ని అందరూ కలిసి మళ్ళీ అనాలి. ఒక్కరూ అనలేదు. తర్ముజి లేచి ఫోటో చంకలో పెట్టుకున్నాడు, నా ఒళ్ళోంచి ఆ కాగితం లాక్కుని వెళ్ళిపోయాడు. వెనకే ఒకరొకరుగా అందరూ చెప్పులు వెతుక్కున్నారు. ఎవరూ బుట్ట ముట్టుకోలేదు. మా ఇంటి ప్రసాదం వదిలేసి పోయారు, మైల తగిలినట్టు.

“అయిపోయింది. ఇక నిన్ను మోసేది సంత కూలీలే,” అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు. “నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నీ నోటి వెంట ఎక్కడ జారుతుందోనని. అరవై ఐదు వాళ్ళ పిల్లంటే నీకు ఉద్యోగం ఉండేదా? పెళ్ళయ్యేదా?” అమ్మ ఆయాసపడింది. “వాడికి బిరుదు ఇవ్వకుండా ఉంటే నాతోటే పోయేది. నేను దీపం పట్టానే పిల్లా. మీ నాన్న నన్ను చూసి, పిల్లకి మంచు తగులుతుంది లోపలికి పో అన్నాడు. అంతే.”

అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యే.

కాసేపటికి గుమ్మంలో పార్సిహ్. “నా బుట్ట మర్చిపోయానక్కా. నేనే వండి నేనే వదిలేసి పోతే మా ఆయన ఊరుకుంటాడా?” కళ్ళు వాచి ఉన్నాయి. ఒకటి తీసుకుంది, ఆగి, ఇంకోటి తీసుకుంది. “ఇది ఎదురింటి ముసలాయనకి. సిగ్గుపడి రాలేదు.”

చీకటి పడేలోపు ఇంకో ముగ్గురు వచ్చారు. మిగతావి అలాగే ఉన్నాయి. తర్ముజి బుట్ట నేనే పట్టుకెళ్ళాను, ఎందుకో తెలియదు. కోడికూర పాడవుతుందని అనుకున్నాను కాబోలు. తలుపు తియ్యలేదు. గడప మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున మా వరండా మేకుకి ఆ బుట్ట వేలాడుతోంది. తీసుకున్న బుట్ట ఖాళీగా తిరిగివ్వడం మాలో లేదు. అరటిపళ్ళో బెల్లమో ఉంటుందనుకున్నాను. లోపల కడిగి తుడిచిన అడుగున అమ్మ కాగితం మడతపెట్టి ఉంది.

విప్పి చూశాను. ఏడు పద్యాల కింద బాల్‌పెన్నుతో, ఆఫీసు రాతలో, ఎనిమిదోది.

“మా అమ్మ తమ్ముడు సుగితో, పదిహేడేళ్ళు.
అదే లారీలో ముందే ఎక్కి ఉన్నాడు.
అతని పేరు మా ఇంట్లో అనకూడదు.
నేను గుమాస్తా అవ్వాలి కాబట్టి.”

ఇన్నేళ్ళూ ఆ ఫోటోకి దుమ్ము తుడిచిన మనిషి! అమ్మకి చదివి వినిపించాను.

“లారీ లోపలికి నా దీపం వెలుగు అందలేదు,” అంది. “రాగం తప్పాడు. పిలువు, నేర్పిస్తాను. నేను పోయేలోపల రావాలి.”